నెరబైలు మామిడితోటలో రెండు రాత్రులు

జనవరి 11, ఆదివారం

ఒకే హాస్టల్లో ఉండి చదువుకున్న ఎనిమిది మందిమి చాలా ఏళ్ళ తరువాత ఒకచోట కలవాలని అనుకున్నప్పుడు, లాడ్జి గదులు వద్దనీ, టెంట్లు వేసుకొని ఆరుబయట రెండు రాత్రులు గడుపుదామనీ అందరూ ఒకే మాట అన్నారు. రిపబ్లిక్ డే సోమవారం రావడం వల్ల 24, 25, 26 తేదీలు మూడు రోజులూ కలిసి వచ్చాయి. తిరుపతిలో ఉండేది నేనే కాబట్టి చోటు చూసే పని నా మీద పెట్టారు. తలకోన అడవిలో సెలయేటి పక్కన టెంట్లు వేసి, రాత్రంతా మంట చుట్టూ కూర్చోవాలన్నది మా వాళ్ళ కోరిక.

ఆ కోరిక తీరేది కాదని వాళ్ళకు నచ్చజెప్పడమే నా మొదటి పని అయింది. తలకోన 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంలో భాగం. అక్కడ అటవీ శాఖ అనుమతించిన దారిలో పగటిపూట జలపాతం చూసి రావచ్చు గాని, మనకు నచ్చినచోట రాత్రి మకాం వేయడం కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమూ, 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టమూ అడవిలో నిప్పు రాజేయడాన్ని నేరంగా పరిగణిస్తాయి. అందుకు కారణం 2014 మార్చిలో తిరుపతి వాళ్ళమంతా కళ్ళారా చూశాము. శేషాచలం కొండలు రోజుల తరబడి మండుతుంటే, వాయుసేన హెలికాప్టర్లు నీళ్ళు మోసుకొచ్చి కుమ్మరించవలసి వచ్చింది. పైగా ఇది ఎర్రచందనం పెరిగే అడవి. దొంగ నరుకుడును అరికట్టడానికి రాత్రిళ్ళు గస్తీ తిరిగే సిబ్బందికి, చీకట్లో టార్చిలైట్లతో తిరిగే ఎనిమిది మందీ స్నేహితుల బృందంగానే కనిపించాలని ఎక్కడా లేదు.

అన్నిటికీ మించి ఏనుగుల భయం ఉంది. 2025 ఫిబ్రవరిలో, శివరాత్రికి ముందు, ఓబులవారిపల్లె వైపు నుంచి అడవిదారిన తలకోనకు నడిచి వస్తున్న భక్తుల మీద ఏనుగుల గుంపు పడింది. ప్రాణాలు పోయాయి. ఆ వార్త గుర్తు చేశాక అడవి మాట ఎవరూ ఎత్తలేదు.

మాలో ఒకడిది చిత్తూరు. వాడి మేనమామకు ఎర్రావారిపాలెం మండలంలో, నెరబైలు దగ్గర మామిడితోట ఉంది. అనుమతి అడగడానికీ, చోటు చూడడానికీ ఈ రోజు వాడూ నేనూ కలిసి వెళ్ళాము. ఫోనులో అడిగితే చాలదా అని ఒకరిద్దరు అన్నారు గాని, ఆ రోజంతా అక్కడ గడపకపోయి ఉంటే మా ఏర్పాట్లలో సగం తప్పేవి. ఉదాహరణకు, జనవరిలో మామిడి పూత మీద ఉంటుందని నాకు తెలుసు. కాని పూతకు పట్టే తేనెమంచు పురుగు కోసం రైతులు ఈ నెలలోనే మందు కొడతారన్నది నాకు తట్టలేదు. పెద్దాయన తోట చూపిస్తూ ఆ మాటే మొదట చెప్పారు.

"పూతకాలం నాయనా, మందు కొడతా ఉండాము. చెట్ల కింద పడుకోవద్దండి. వంటా అక్కడ వద్దు. కింది పక్క చెనిక్కాయలు పెరికిన చేను ఖాళీగా ఉండాది, అక్కడ వేసుకోండి."

ఆ చేను తోటకు దిగువన, బావికి యాభై గజాల దూరంలో ఉంది. మంట పెడితే సెగ పూతకు తగలదు, గాలి ఎటు వీచినా మందు వాసన రాదు. మందు కొట్టడం 21వ తేదీలోపు ముగించి, మేము వెళ్ళేదాకా మళ్ళీ కొట్టకుండా చూస్తానని ఆయన అన్నారు. మా విడిది కోసం తన సాగు పని సర్దుకున్న ఆ పెద్దమనిషికి మేమందరం రుణపడి ఉన్నాము. అరటి, చెరకు, పనస ఉన్నచోటికే ఏనుగులు ఎక్కువగా వస్తాయనీ, ఇప్పుడు చుట్టుపక్కల అవేవీ కోతకు లేవనీ ఆయన చెప్పారు. అయినా ఏనుగులు దిగినట్టు ఊళ్ళో కబురు వస్తే టెంట్లు వదిలేసి తోటలోని మిద్దె ఇంట్లోకి వెళ్ళిపోవాలని అక్కడికక్కడే అనుకున్నాము.

మిగిలినవి నేను కాగితం మీద రాసుకున్నాను. వ్యవసాయ కరెంటు ఉండే గంటల్లోనే మోటారు తిరుగుతుంది కాబట్టి సాయంత్రంలోపు డ్రమ్ములు నింపుకోవాలి, వాటికి మూతలు ఉండాలి. మరుగుదొడ్డి తోట ఇంటి దగ్గర ఒకటే ఉంది. మాలో ముగ్గురు ఆడవాళ్ళు ఉన్నందున, రాత్రి అక్కడికి నడిచే దారి పొడవునా రెండు మూడు లాంతర్లు వేలాడదీయాలి. చేనులో సెల్లు సిగ్నలు అందడం లేదు, మిద్దె ఎక్కితే అందుతుంది. ఆపద వస్తే 108కి ఫోను చేయవలసింది అక్కడి నుంచే.

ఆ తరువాతి పది రోజులు

తలకు 2,500 చొప్పున 20,000 రూపాయలు పోగు చేశాము. లెక్క రాసే బాధ్యత బ్యాంకులో పనిచేసే స్నేహితురాలు తీసుకుంది. అందరి ఆరోగ్యం సంగతి కూడా తనే విడివిడిగా ఫోను చేసి కనుక్కుంది, అందరి ఎదుట అడిగితే కొందరు చెప్పరని. ఆ పని ఎంత మేలు చేసిందో అక్కడికి వెళ్ళాక తెలిసింది. ఒకతను ఇన్సులిన్ వాడుతున్నట్టు మాలో ఎవరికీ తెలియదు. అతని కోసం రాత్రి భోజనం ఎనిమిదికి దాటకూడదని నియమం పెట్టుకున్నాము. మందు చల్లగా ఉండడానికి తడిబట్ట చుట్టిన చిన్న మట్టికుండ సిద్ధం చేశాము. ఇద్దరు శాకాహారులు ఉన్నందున వాళ్ళకు గిన్నెలు, గరిటెలు వేరుగా పెట్టాము.

మద్యం విషయంలో కొంత చర్చ జరిగింది. దిగుడు బావి, మంట, చీకటి, పురుగూ పుట్రా ఉన్న చోట ఒక్కరు అదుపు తప్పినా మిగిలిన ఏడుగురికీ నిద్ర ఉండదని చెప్పాను. అడిగిన మిత్రుడు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. ఇలాంటి సంగతులు బయలుదేరే ముందే మాట్లాడుకోవాలి. మంట చుట్టూ కూర్చున్నాక వద్దనడం మొదలుపెడితే మనసులు నొచ్చుకుంటాయి.

తాగే నీటికి మనిషికి రోజుకు నాలుగు లీటర్లు లెక్క వేశాను. ఎనిమిది మందికి రెండు పూర్తి రోజులకు 64 లీటర్లు అవుతుంది కాబట్టి ఇరవై లీటర్ల క్యాన్లు నాలుగు చెప్పాము. పాముకాటు గురించి మా డాక్టరు మిత్రుడు ఫోనులో అందరికీ ఓపికగా వివరించాడు. కట్టు బిగించకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. కాటు పడిన కాలూ చెయ్యీ కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది కాబట్టి పామును వెతుకుతూ సమయం పోగొట్టుకోవద్దు. దగ్గరి ఆరోగ్య కేంద్రంలో ఆ మందు ఉందో లేదో తనే కనుక్కొని, లేకుంటే నేరుగా తిరుపతి రుయా ఆసుపత్రికి రావాలని చెప్పాడు.

జనవరి 23, శుక్రవారం

అద్దెకు తెచ్చిన మూడు టెంట్లనూ సాయంత్రం మా డాబా మీద వేసి చూశాము. ఒక సంచిలో ఉండవలసిన కమ్మీల్లో ఒకటి తక్కువ వచ్చింది. అద్దెకిచ్చిన వాళ్ళు మాకు ముందు ఎవరో పోగొట్టి ఉంటారని చెప్పి, గంటసేపటి తరువాత వేరే టెంటు ఇచ్చారు. అదే చేనులో చీకటి పడ్డాక చూసుకొని ఉంటే ముగ్గురు ఆరుబయట మంచులో పడుకోవలసి వచ్చేది. టెంట్లు అద్దెకు తీసుకునేవాళ్ళు తప్పకుండా ఒకసారి విప్పి, వేసి, మళ్ళీ మడిచి చూసుకోవాలి.

రథసప్తమి ఆదివారం కావడంతో ఊరు అప్పటికే నిండిపోయింది. ఆ రోజు తిరుమలలో స్వామివారు ఉదయం నుంచి రాత్రి దాకా ఏడు వాహనాల మీద ఊరేగుతారు. దాన్ని చూడాలని వచ్చే జనంతో అలిపిరి వైపు రోడ్లు కదలవు. అందుకని బెంగుళూరు నుంచి, చిత్తూరు నుంచి వచ్చే నలుగురినీ తిరుపతికి రావద్దనీ, పీలేరులో కలుసుకొని అటు నుంచే భాకరాపేట చేరుకోమనీ చెప్పాను.

జనవరి 24, శనివారం

మేము నలుగురం పదింటికి బయలుదేరాము. చంద్రగిరి కోట దగ్గర ఆగాలని ఒకరు ముచ్చటపడ్డారు గాని, చేనులో పగటి వెలుతురు ఉండగానే చేయవలసిన పని చాలా ఉందని సాగిపోయాము. రంగంపేట దాటాక భాకరాపేట ఘాటు మొదలవుతుంది. 2022 మార్చి చివర్లో, ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న బస్సు రాత్రివేళ ఈ మలుపుల్లోనే లోయలో పడింది. ఆనాటి నుంచి ఈ ఘాటును పగలే దాటాలన్నది మా ఇంట్లో నియమం. ఈ ప్రయాణానికి కూడా అదే పాటించాము.

ఒంటిగంటకు ఎనిమిది మందిమీ చేనులో కలిశాము. కౌగిలింతలూ పలకరింపులూ అయ్యేసరికి అరగంట గడిచింది. పీలేరు నుంచి వచ్చినవాళ్ళు నాటుకోళ్ళు, ఆకుకూరలు, సంచెడు ఎండు తుమ్మకట్టెలు తెచ్చారు. కట్టెలు కొనే తేవాలని ముందే గట్టిగా చెప్పాను. అడవి అంచున ఉన్నవాళ్ళం అడవిలోకి పోయి పుల్లలు ఏరుకోకూడదు.

టెంట్లు వేయడానికి పల్లం వదిలి కాస్త ఎత్తుగా ఉన్న గట్టు పక్క చోటు చూసుకున్నాము. రాళ్ళు, మొదళ్ళు ఏరి, కింద టార్పాలిన్ పరిచి, దాని అంచులు టెంటు కిందికే మడిచాము. అంచు బయటికి ఉంటే పడిన మంచంతా దాని మీదుగా లోపలికి పారుతుంది. పొయ్యికి టెంట్ల నుంచి పదిహేను అడుగులు దూరం వదిలి, జానెడు లోతు గుంట తవ్వి, చుట్టూ ఎండుగడ్డి గీకేసి, రెండు బకెట్ల నీళ్ళు, ఒక తట్ట ఇసుక పక్కన పెట్టాము. నాలుగింటికి మోటారు ఆగిపోయింది. అప్పటికే డ్రమ్ములు నిండి ఉన్నాయి.

ఆ రాత్రి వంట గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కోడి పులుసు ముందు పొయ్యి మీద పెట్టాలి, ఎందుకంటే నాటుకోడి కట్టెల మంట మీద ఉడకడానికి గంటకు పైనే పడుతుంది. సంగటి ఆఖరున చెయ్యాలి, దాన్ని వేడిగానే తినాలి. ఒక పాలు బియ్యం మెత్తగా ఉడికించి, నీళ్ళు ఇంకా మిగిలి ఉండగానే రెండు పాళ్ళ రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా మూత పెట్టాలి. నిప్పులు సన్నం చేసి పది నిమిషాలు ఆగితే పిండి ఆవిరికి ఉడుకుతుంది. ఆ తరువాత గిన్నెను ఇద్దరు కాళ్ళతో అదిమి పట్టుకుంటే, మూడో మనిషి సంగటి కట్టెతో బలమంతా పెట్టి కెలకాలి. ముందే కలిపితే ఉండలు కడుతుంది, ఆ ఉండల లోపల పచ్చిపిండి మిగిలిపోతుంది. చేయి తడుపుకొని ముద్దలు చేసే పని మా చిత్తూరు వాడిది. వాడి అత్తమ్మ ఇంటి నుంచి చెనిక్కాయల ఊరిబిండి గిన్నెడు పంపింది. శాకాహారులకు పులగూర చేశాము, అది చివరకు అందరికీ కావలసి వచ్చింది. ఏడు ముప్పావుకు ముద్దలు ఆకుల్లో పడ్డాయి.

పదకొండు దాటాక నెలవంక దిగిపోయి చుక్కలు తేరాయి. కృత్తికలు, రోహిణి పడమటికి వాలుతుంటే, దక్షిణాన కొండ పైన అగస్త్య నక్షత్రం ఒంటరిగా వెలుగుతోంది. తిరుపతి దీపాల వెలుగులో దాన్ని చూసి ఎన్నాళ్ళయిందో చెప్పలేను. మంటను నీళ్ళతో ఆర్పి, బూడిద కెలికి, మళ్ళీ నీళ్ళు చల్లి, పైన అరచేయి ఆనించి వేడి లేదని చూసుకున్నాకే పడుకున్నాము.

జనవరి 25, ఆదివారం

తెల్లవారుజామున లేచేసరికి ఒక టెంటు లోపల గోడలన్నీ తడిసి చెమ్మగిల్లాయి. చలికి భయపడి గాలి రావలసిన జాలీలన్నీ మూసేసుకున్నారు. మనుషుల ఊపిరే నీళ్ళయి పైనుంచి కారింది. మిగిలిన రెండు టెంట్లలో దోమతెర మూసి, పై జాలీ తెరిచి పడుకున్నందున పొడిగా ఉన్నాయి. చెప్పులు, బూట్లు దులిపి వేసుకోవాలన్న నియమాన్ని అంతవరకు కొందరు అంత పట్టించుకోలేదు. ఒక బూటులోంచి తేలు జారి పడ్డాక ఎవరికీ చెప్పవలసిన అవసరం రాలేదు.

రథసప్తమి నాడు సూర్యోదయం వేళకు ఆరుబయట ఉండడం అనుకోకుండా దొరికిన భాగ్యం. నెత్తిన జిల్లేడు ఆకులు పెట్టుకొని బావి దగ్గర స్నానాలు చేశాము. మాలో ఒకామె పిడకల మీద పాలు పొంగించి, కొత్తబియ్యం, చిత్తూరు బెల్లం వేసి పాయసం వండి, చిక్కుడు ఆకుల్లో సూర్యుడికి నైవేద్యం పెట్టింది. పిడకలు, ఆకులు ముందు రోజే పెద్దాయన ఇంటి నుంచి అడిగి తెచ్చిపెట్టుకున్నది. ఈ ఏర్పాటు గురించి మాకెవరికీ చెప్పలేదు. కొండ మీద నుంచి ఎండ చేనులోకి దిగేటప్పటికి ఎనిమిది మందిమీ తూర్పుకు తిరిగి చేతులు జోడించి నిలబడి ఉన్నాము.

తొమ్మిదికి తలకోనకు వెళ్ళాము. ముందు సిద్ధేశ్వరస్వామి గుడిలో దర్శనం చేసుకొని, అక్కడి నుంచి రాళ్ళ దారిన నడిచాము. 270 అడుగుల ఎత్తు నుంచి పడే నీరు జనవరి చివర్లో వర్షాకాలమంత ఉద్ధృతంగా ఉండదు. మాకు కావలసింది కూడా అదే. ఈశాన్య రుతుపవనాల వానలు ఆగి నెల దాటింది కాబట్టి నీరు తేటగా ఉంది, రాళ్ళ మీద నిలబడి చూడడానికి వీలుగా ఉంది. నాచు పట్టిన రాళ్ళ మీదికి ఎవరూ వెళ్ళకూడదనీ, గుండంలో దూకకూడదనీ ముందే అనుకున్నాము. దారిలో గిల్లతీగ చెట్టు నుంచి చెట్టుకు మోకులా అల్లుకొని కనిపించింది. దాని కాయలు మూరెడు పొడవుకు మించి ఉంటాయి. దేవాంగపిల్లిని చూడాలని మా బెంగుళూరు మిత్రుడు ఆశపడ్డాడు గాని, అది రాత్రి తిరిగే జీవి, మేము పగటి మనుషులం.

మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి ఒక టెంటు పక్కకు ఒరిగిపోయి ఉంది. చెనిక్కాయలు పెరికిన నేల గుల్లగా ఉంటుంది కాబట్టి గాలికి మేకులు ఊడి వచ్చాయి. ఈ సంగతి నేను చోటు చూసిన రోజే గ్రహించి ఉండవలసింది. పెద్దాయన ఖాళీ ఎరువుల సంచులు నాలుగు ఇచ్చారు. వాటిలో మన్ను నింపి, తాళ్ళు వాటికి కట్టాము. రాత్రి అంతకంటే పెద్ద గాలి వచ్చినా టెంట్లు కదలలేదు.

ఆ రాత్రి వంట సాదాగా ముగించాము. మంట చుట్టూ కూర్చున్నప్పుడు, రోజంతా తక్కువగా మాట్లాడిన మిత్రుడు నిరుడు తన తల్లి పోయిన సంగతి మొదలుపెట్టాడు. మాలో ముగ్గురం అప్పుడు వెళ్ళలేకపోయాము. ఆసుపత్రిలో గడిపిన చివరి వారం, ఆమె చివరగా అడిగిన మజ్జిగ, ఊరికి తీసుకెళ్ళిన దారి అన్నీ నెమ్మదిగా చెప్పాడు. ఎవరమూ మధ్యలో మాట్లాడలేదు. హాస్టల్లో ఉన్నప్పుడు ఆ అమ్మ పంపిన అరిసెలు తినని వాళ్ళు మాలో ఎవరూ లేరు. ఫోనులో అతను ఈ మాటలు ఎన్నడూ చెప్పలేదు. మూడు గంటల్లో తిరిగి వెళ్ళిపోయే హోటలు భోజనంలోనూ చెప్పి ఉండడు. ఈ రెండు రాత్రుల కోసం పడిన శ్రమంతా ఆ గంటకోసమేనని నాకు అనిపించింది.

జనవరి 26, సోమవారం

పొద్దున టెంట్లు విప్పుతుంటే ఊళ్ళో బడి నుంచి జెండా పాటలు వినిపించాయి. పొయ్యి గుంట పూడ్చి, బూడిద పెద్దాయన చెప్పినచోట పోసి, ప్లాస్టిక్ అంతా రెండు సంచుల్లో కట్టి కార్లో వేసుకున్నాము. చేను చివరి నుంచి చివరిదాకా ఎనిమిది మందిమీ వరుసగా నడిచి, పడిన కాగితాలు, ఒక టెంటు మేకు ఏరుకున్నాము. లెక్క చూస్తే 17,600 ఖర్చయింది. మిగిలినది పెద్దాయన చేతిలో పెట్టబోతే ఆయన తీసుకోలేదు. తోటలో పనిచేసే ఇద్దరికి ఇవ్వమన్నారు.

వెళ్ళేముందు మామిడికాయల కాలంలో మళ్ళీ వస్తామని చెప్పాము. ఆయన కొండ వైపు చూసి, తోట చివర తోతాపురి చెట్లు చూపించారు.

"జూన్‌లో రాండి నాయనా, కాయలు తిందురు గాని. అయితే అప్పుడు చేన్లో వద్దు, మిద్దె మీద పడుకోండి. వాసనకు ఏనుగులు దిగేది అప్పుడే."

మా బ్యాంకు స్నేహితురాలు లెక్కల పుస్తకం తీసి, జూన్ అని రాసి, దాని కింద మిద్దె కొలతలు అడిగి రాసుకుంది.